వేరావల్ బోట్లెక్కే మనవాళ్లు సముద్రపు గాలిమరల లెక్కలో ఉంటారా?

సిక్కోలు మాస్టారు (ప్రశ్న)

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలోని ఒక తీర గ్రామంలో నేను ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా బడి పిల్లల్లో చాలామంది తండ్రులు ఏటా ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లి, అక్కడి ట్రాలర్ల మీద కళాసీలుగా (బోటు కూలీలుగా), కొందరు సరంగులుగా (బోటు నడిపేవారిగా) పనిచేసి, మళ్లీ వేసవిలో గానీ ఇంటికి రారు. 2018 నవంబరులో మా ప్రాంతపు మత్స్యకారులు అరేబియా సముద్రంలో పాకిస్తాన్ గస్తీ దళానికి చిక్కడం, వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలై రావడం మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు కొన్నాళ్లు రాష్ట్రమంతా ఈ వలస గురించి మాట్లాడింది. ఆ మాటలు సద్దుమణిగినా వలస ఆగలేదు.

ఇప్పుడు ఆ గుజరాత్ తీరంలోనే, సముద్రంలో గాలిమరలు నిలిపి విద్యుత్తు తీయాలన్న ప్రతిపాదన నడుస్తోంది. గుజరాత్ వైపు 500 మెగావాట్లు, తమిళనాడు వైపు 500 మెగావాట్ల ప్రాజెక్టులకు గిట్టుబాటులో పడే లోటును భర్తీ చేయడానికి, రెండు ఓడరేవులను బాగుచేయడానికి కలిపి 7,453 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో ఆమోదించింది. మన సముద్రంలో ఇంతవరకు ఒక్క టర్బైనూ తిరగకపోయినా మా ఊరి రామాలయం అరుగు మీద వాదన మాత్రం మొదలైపోయింది. బొగ్గు పొగ తగ్గకపోతే తుపానులకు ముందు కొట్టుకుపోయేది మన ఇళ్లే కదా అని ఒక పార్టీ కుర్రవాడు అంటాడు. సముద్రాన్ని కంపెనీలకు రాసిస్తున్నారని మరో పార్టీ కుర్రవాడు అంటాడు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉన్నట్టే తోస్తుంది కానీ, నేను వెతుకుతున్న జవాబు ఇద్దరిలో ఎవరి దగ్గరా లేదు.

సముద్రగర్భాన్ని లీజుకు ఇచ్చేటప్పుడు ‘నష్టపోయే మత్స్యకారుడు’ అంటే ఎవరని లెక్క వేస్తారు? బోటు యజమానినా, ఆ తీరంలో ఇల్లున్నవాడినా, లేక ఏటా ఎనిమిది తొమ్మిది నెలలు ఆ నీటి మీదే బతికి, ఆ రాష్ట్రంలో రేషన్ కార్డు గానీ ఓటు గానీ లేని మా ఊరివాడినా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.


గాలిలెక్క (విద్యుత్ ఇంజనీరు, వడోదర)

మాస్టారు గారికి నమస్కారం. నేను పునరుత్పాదక విద్యుత్ రంగంలో పనిచేస్తున్నాను కనుక నా మాటల్లో ఆ వైపు మొగ్గు కనిపించవచ్చు. దాన్ని దృష్టిలో ఉంచుకునే చదవండి.

ముందుగా చట్టం సంగతి. సముద్ర పవన విద్యుత్తుపై జాతీయ విధానం 2015లో వచ్చింది. 1976 నాటి సముద్ర మండలాల చట్టం కింద 2023 డిసెంబరులో లీజు నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం నిర్మాణానికి, నిర్వహణకు సముద్రగర్భాన్ని 35 ఏళ్లకు లీజుకు ఇవ్వవచ్చు. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ ఈ వ్యవహారాలకు నోడల్ సంస్థ. గుజరాత్ వైపు ఖంభాత్ సింధుశాఖ ముఖద్వారంలో, పీపావావ్ ఓడరేవుకు సుమారు 23 కిలోమీటర్ల దూరంలో, గాలిని కొలిచే లైడార్ పరికరాన్ని 2017లోనే నిలిపారు. అంటే పరిశీలనలో ఉన్న చోటు వేరావల్ ఎదురుగా లేదు, దానికి తూర్పున బాగా దూరంలో ఉంది.

ఇక విస్తీర్ణం. 15 మెగావాట్ల టర్బైన్లు పెడితే 500 మెగావాట్లకు 34 చాలు. అంతటి టర్బైను రెక్కల చక్రం వ్యాసం సుమారు 236 మీటర్లు ఉంటుంది. ఒకదాని గాలిని మరొకటి దొంగిలించకుండా ఆ వ్యాసానికి ఏడు రెట్ల ఎడం పాటిస్తే రెండు స్తంభాల మధ్య దాదాపు 1,650 మీటర్లు వస్తుంది. ఆ లెక్కన మొత్తం 90 చదరపు కిలోమీటర్ల చిల్లర. అంతర్జాతీయ సముద్ర చట్టం ఇటువంటి కట్టడం చుట్టూ గరిష్ఠంగా 500 మీటర్ల రక్షణ వలయాన్ని అనుమతిస్తుంది. 34 వలయాలూ కలిపితే 27 చదరపు కిలోమీటర్లు కూడా నిండవు. కాబట్టి సముద్రాన్నంతా మూసేస్తారన్న మాట అతిశయోక్తి అని నా అభిప్రాయం.

నేల మీద గాలిమరలు ఉండగా సముద్రంలో ఎందుకని కొందరు అడుగుతారు. సముద్రం మీద గాలికి చెట్లు, కొండలు, ఇళ్లు అడ్డు ఉండవు కనుక అది మరింత నిలకడగా వీస్తుంది, సాయంత్రం సూర్యరశ్మి లేని వేళ కూడా అక్కరకు వస్తుంది. గుజరాత్, తమిళనాడు తీరాలు రెండింటిలో కలిపి సుమారు 70 గిగావాట్ల అవకాశం ఉందని ప్రభుత్వ అంచనా. మన ఇళ్లలో వెలిగే దీపాలకు ఇప్పటికీ ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తోందని గుర్తుంచుకుంటే, ఈ గాలిని వదులుకోవడం కూడా ఒక నష్టమేనని ఒప్పుకోవాలి.


వలకన్ను (మత్స్యశాస్త్ర పరిశోధక విద్యార్థిని, కాకినాడ)

ఇంజనీరు గారి లెక్కలో తప్పు లేదు. కానీ అది కాగితం మీది సముద్రం లెక్క. రెండు స్తంభాల మధ్య 1,650 మీటర్లు ఉండి, ఇరువైపులా 500 మీటర్ల వలయాలు పోతే మిగిలే సందు 650 మీటర్లు. ట్రాలర్ తన వలను పక్కనే పెట్టుకుని నడవదు. లోతుకు మూడు నుంచి ఐదు రెట్ల పొడవున తాళ్లు వదిలి, వలను అడుగున ఈడ్చుకుంటూ మెల్లగా పోతుంది. అలా లాగుతున్నప్పుడు ఒక్కసారిగా ఆగలేదు, చటుక్కున మలుపు తిరగలేదు. పైగా ఖంభాత్ సింధుశాఖ మన దేశంలోనే అతి ఎక్కువ ఆటుపోట్లు వచ్చే చోటు. ఆ ఉరవడిలో రాత్రివేళ ఇంజను ఆగిన బోటుకు 650 మీటర్లు ఎంతసేపు నిలుస్తాయో సరంగును అడగండి. స్తంభాల నడుమ అడుగున వేసే కేబుళ్లను మీటరు, రెండు మీటర్ల లోతున పూడుస్తామంటారు. ఇసుక కదిలే చోట అవి ఎప్పటికీ అంతే లోతున ఉంటాయన్న నమ్మకం లేదు. వల మూతిని తెరిచి ఉంచే ట్రాల్ పలకలు కేబుల్‌కు తగులుకుంటే వల పోవడమే కాదు, బోటు బోల్తాపడే ప్రమాదం కూడా ఉంది.

బ్రిటన్‌లో నిర్మాణం పూర్తయ్యాక గాలిమరల మధ్య వేటకు చట్టం అడ్డు చెప్పదు. అయినా అడుగు ట్రాలింగ్ చేసే చాలామంది సరంగులు అటు పోరు. బెల్జియంలో అసలు ఆ ప్రాంతాల్లోకి వేట బోట్లను రానివ్వరు. అంటే అనుమతి ఉందా లేదా అన్న ప్రశ్నతోనే విషయం తేలదు.

అయితే మాస్టారు గారూ, పీపావావ్ దగ్గర మొదటి దెబ్బ తగిలేది వేరావల్ ట్రాలర్లకు కాదని నేను అనుకుంటున్నాను. పక్కనే జాఫరాబాద్ ఉంది. అక్కడివారి ప్రధానమైన వేట డోల్ వలతో సాగుతుంది. అది పెద్ద సంచి వంటి వల. దాని మూతిని పోటుకు ఎదురుగా తెరిచి, సముద్రం అడుగున దిగ్గొట్టిన గుంజలకో లంగరులకో కట్టి వదులుతారు. నీరే చేపను లోపలికి తోస్తుంది. బాంబే డక్ అని పిలిచే మెత్తని చేప వారికి ప్రధానంగా దీనితోనే దొరుకుతుంది. ట్రాలర్ ఇక్కడ కాకపోతే మరోచోటికి పోగలదు. డోల్ వలకు స్థిరమైన చోటు ఉంటుంది, తరాలుగా ఏ కుటుంబం గుంజ ఎక్కడో ఊరందరికీ తెలుస్తుంది. ఆ హక్కు కాగితం మీద ఉండదు. పటం మీద గీత గీసే అధికారికి అక్కడ నీలి రంగు తప్ప మరేమీ కనిపించదు.

ఈ మత్స్యకారులనే 2021 మే 17న వచ్చిన తౌక్తే తుపాను కుదిపేసింది. అది డయ్యూకు, ఉనాకు మధ్య తీరం దాటినప్పుడు జాఫరాబాద్, నవాబందర్ రేవుల్లో బోట్లు ముక్కలయ్యాయి. నిలదొక్కుకుంటున్న దశలో వారిని మరోసారి కదిలించే ముందు ఎంత జాగ్రత్త అవసరమో ఊహించండి.

వేరావల్ మీద పడే ప్రభావం చుట్టు తిరిగి వస్తుంది. ఒక చోట మూసుకుపోతే అక్కడి బోట్లు మిగిలిన సముద్రంలోకి జరుగుతాయి. రోజుకు దొరికే చేప తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. యజమాని ముందుగా తగ్గించేది మనుషులను. ఆ జాబితాలో దూరపు రాష్ట్రం నుంచి వచ్చినవాడి పేరే మొదట ఉంటుంది.

మరొక విషయం ఈ చర్చల్లో ఎక్కడా వినిపించడం లేదు. సముద్రంలో స్తంభాలు దిగ్గొట్టే ఓడలకు నెమ్మదైన అలలు కావాలి. పశ్చిమ తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల హోరు. జూన్, జూలై నెలల్లో ఎలాగూ వేట నిషేధం. కాబట్టి నిర్మాణం జరిగేది అక్టోబరు నుంచి మే మధ్యలోనే, అంటే సరిగ్గా వేట సాగే నెలల్లోనే. టర్బైన్లు తిరిగే 30 ఏళ్ల గురించి అందరూ వాదిస్తున్నారు. కట్టే రెండు మూడేళ్ల గురించి, ఆ రెండు మూడు సీజన్లలో ఎవరి పొయ్యి వెలగదన్న దాని గురించి ముందు మాట్లాడాలి.


గోదారి పాయ (కోనసీమ)

నష్టపరిహారం విషయంలో మన రాష్ట్రానికే అనుభవం ఉంది కనుక రాస్తున్నాను. ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల వేట దెబ్బతిన్నందుకు 2022లో కోనసీమ, కాకినాడ జిల్లాల్లోని 23,458 మత్స్యకార కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల చొప్పున, విడతకు నాలుగు నెలల మొత్తం ఇచ్చారు. ఒక్కో విడత వంద కోట్లు దాటింది. ఇందులో నేను మెచ్చుకునేది, లెక్క కుటుంబానికి కట్టారు, బోటుకు కాదు. బోటుకు కట్టి ఉంటే వల లాగేవాడికి ఏమీ చేరేది కాదు.

కానీ కుటుంబం లెక్క కూడా సంపూర్ణం కాదు. రేవులో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే ఆడవాళ్లది విడి జీవనాధారం. ఇంట్లో మగవాడి పేరు మీద డబ్బు వస్తే ఆమెకు కూడా అందినట్టే రాసుకుంటారు. రొయ్యలు ఒలిచేవారు, ఐస్ కొట్టేవారు, వలలు అల్లేవారు ఏ పద్దులోకీ రారు. ఊరిని బట్టి జాబితా వేశారు కాబట్టి ఆ ఊళ్లలో ఉన్నవారికి అందింది. మాస్టారు గారు చెబుతున్న వారికి ఊరు ఒకటి, సముద్రం ఇంకొకటి. ఈ పద్ధతినే గుజరాత్‌కు యథాతథంగా తీసుకుపోతే వారు రెండు చోట్లా జారిపోతారు.


చార్లెస్ తీరం (మసాచుసెట్స్‌లో ఉంటున్న విజయనగరం వాడిని)

నేను ఉంటున్న రాష్ట్రంలో ఈ రాజకీయం కళ్లారా చూస్తున్నాను. న్యూ బెడ్‌ఫోర్డ్ అనే రేవు పట్టుకొచ్చే సరుకు విలువలో ఏళ్ల తరబడి అమెరికాలోనే మొదటి స్థానంలో నిలిచింది, అందుకు ప్రధాన కారణం అక్కడి స్కాలప్ గుల్లలు. 62 టర్బైన్ల, 806 మెగావాట్ల వైన్‌యార్డ్ విండ్ ప్రాజెక్టుకు విడిభాగాలు ఓడలెక్కింది కూడా అదే రేవు నుంచి. ఒకే ఊళ్లో కొందరికి అది కొత్త ఉద్యోగం, కొందరికి పోతున్న వేటనేల.

మత్స్యకారుల ఒత్తిడి మీద న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాల) లీజుదారులు 2019లో టర్బైన్లన్నిటినీ ఒకే తీరు గళ్ల అమరికలో, నాటికల్ మైలుకు ఒకటి చొప్పున, అంటే దాదాపు 1,850 మీటర్ల ఎడంతో నిలపడానికి ముందుకొచ్చారు. బోటు నడిపేవారిలో చాలామందికి ఆ ఎడం కూడా చాలలేదు. పక్కనున్న రోడ్ ఐలాండ్ మత్స్యకారుల కోసం వైన్‌యార్డ్ విండ్‌తో అదే ఏడాది కుదిరిన ఒప్పందంలో నేరుగా ఇచ్చే పరిహారం 42 లక్షల డాలర్లు, విడిగా ఒక నిధికి 1.25 కోట్ల డాలర్లు. అది 30 ఏళ్ల కాలానికి. బేరం కుదిరే వేళకు ప్రాజెక్టు రూపం చాలావరకు ఖాయమైపోయింది, అందుకే ఎంత అన్నదే మిగిలింది, ఎక్కడ అన్నది మిగల్లేదు. 2024 జూలైలో ఒక టర్బైను రెక్క విరిగి, ముక్కలు నాంటకెట్ ద్వీపం ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ తర్వాత కంపెనీ మాటను నమ్మేవారి సంఖ్య బాగా తగ్గింది.

మెయిన్ రాష్ట్రం మరో దారి పట్టింది. లాబ్‌స్టర్ వేట అధికంగా జరిగే రాష్ట్ర జలాల్లో, అంటే తీరం నుంచి మూడు మైళ్ల లోపల, కొత్త సముద్ర పవన ప్రాజెక్టులను 2021లో చట్టంతో నిషేధించి, దూరపు లోతైన నీటిలో తేలే టర్బైన్ల పరిశోధనకు తలుపు తెరిచే ఉంచింది. గాలి విద్యుత్తును సమర్థించే గవర్నరే ఆ చట్టంపై సంతకం చేశారు. మన రాజకీయ నాయకులు గమనించవలసింది ఇదేనని నాకు అనిపిస్తుంది: రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలన్న నిబంధన ఎవరూ పెట్టలేదు.

దీనికి భిన్నంగా, 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ కొత్త సముద్ర పవన లీజులన్నిటినీ ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. నాకు తెలిసిన ఇద్దరు మత్స్యకారులు ఆ రోజు సంతోషించారు. కానీ వారి నష్టాన్ని కొలిచే పద్ధతి గానీ, వారిని ముందుగా అడగాలన్న నియమం గానీ ఆ ఉత్తర్వుతో రాలేదు. ఒక సంతకంతో ఆగినది మరో సంతకంతో మొదలుకావచ్చు.


వలకన్ను

పై సమాధానానికి రెండు ఉదాహరణలు జోడిస్తాను. జపాన్‌లో 2019 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, వేటకు ఆటంకం ఉండదన్న అంచనాకు వచ్చాకే ఒక ప్రాంతాన్ని గాలి విద్యుత్తుకు ఎంపిక చేయాలి. మత్స్యకారుల ప్రతినిధులు ఉన్న మండలిలో చర్చ జరిగిన తర్వాతే కంపెనీలను వేలానికి పిలుస్తారు. అక్కడ తీర జలాల మీద మత్స్య సహకార సంఘాలకు చట్టబద్ధమైన హక్కులు ఉండటం దీనికి బలం. ఫ్రాన్స్‌లో తీర జలాల్లోని గాలిమరల మీద ఏటా పన్ను వేసి, అందులో 35 శాతాన్ని మత్స్యకారుల సంఘాలకు ఇస్తారు. అయినా స్కాలప్ గుల్లలకు పేరున్న సెయింట్ బ్రియూ అఖాతంలో 62 టర్బైన్లు కట్టేటప్పుడు 2021లో మత్స్యకారులు బోట్లతో వచ్చి నిరసన తెలిపారు. డబ్బు ఆగకుండా వచ్చే ఏర్పాటు ఉన్నా చోటు గురించిన కోపం చల్లారలేదన్నమాట.


సిక్కోలు మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. డోల్ వలల సంగతి నాకు తెలియదు. మావాళ్ల కంటే ముందు వారి గురించి ఆలోచించాలని ఇప్పుడు అర్థమైంది.

ఇంజనీరు గారిని ఒక మాట అడుగుతాను. మీరు చెప్పిన 27 చదరపు కిలోమీటర్లు నిజమే అనుకుందాం. లీజుపై సంతకం పెట్టేది కేంద్రం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపలి వేట రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలో ఉంది, ఆ ఆవలిది కేంద్ర జాబితాలో ఉంది. బోటును రిజిస్టరు చేసేది గుజరాత్. వేట నిషేధ కాలంలో మావాళ్లకు 20,000 రూపాయల భృతి ఇస్తున్నది ఆంధ్రప్రదేశ్. ఇన్ని చేతుల్లో ఉన్నవాడిని చివరికి ఎవరు చూస్తారు? బహిరంగ విచారణ జరిగితే మావాళ్లు ఏ ఊళ్లో నిలబడి మాట్లాడాలి?


గాలిలెక్క

ఈ ప్రశ్నకు నా రంగం దగ్గర సిద్ధంగా జవాబు లేదని ఒప్పుకుంటున్నాను. నిజానికి 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు కనుక, ఆ దారిలో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కూడా కాదు. నేల మీది గాలిమరలకు ఆ మినహాయింపు ఇచ్చినప్పుడు సముద్రం గుర్తుకు వచ్చి ఉండదు. దీన్ని మార్చమని అడగడం న్యాయమైన కోరిక. నా వృత్తికి అది అడ్డంకి కూడా కాదు. విచారణ లేకుండా మొదలైన ప్రాజెక్టు కోర్టుల్లో, రేవుల్లో ఆగిపోతే పెట్టుబడి పెట్టినవారికే ఎక్కువ నష్టం.

పనికొచ్చే ఒక సూచన చేస్తాను. గుజరాత్‌లో బోటు వేటకు బయలుదేరే ముందు మత్స్యశాఖ నుంచి టోకెన్ తీసుకోవాలి, ఎవరెవరు ఎక్కుతున్నారో అందులో నమోదవుతుంది. ఊరి చిరునామా ఏదైనా, ఒక మనిషి ఆ సముద్రంలో ఎన్ని రోజులు పనిచేశాడో చెప్పగల ఆధారం అది. బోటు రిజిస్ట్రేషను కాకుండా ఈ పని దినాలను పరిహారానికి ప్రాతిపదిక చేయమని అడగవచ్చు. వేలానికి ముందు కనీసం మూడు సీజన్ల లెక్క తీయమని కూడా అడగాలి. పనులు మొదలయ్యాక తీసే లెక్కలో ఎప్పుడూ అవసరానికి తగ్గ మనుషులే కనిపిస్తారు.


గోదారి పాయ

ఆడవాళ్ల లెక్క కూడా అందులో చేర్చమని అడగండి మాస్టారూ. టోకెన్‌లో వారి పేర్లు ఉండవు.


సిక్కోలు మాస్టారు

తప్పకుండా చేరుస్తాను. ఇప్పుడు వేట నిషేధం వల్ల మావాళ్లందరూ ఊళ్లోనే ఉన్నారు. పై తరగతి పిల్లలకు ఒక పని అప్పగించాను: ఇంట్లో నాన్న, చిన్నాన్న, మామయ్య ఏ బోటు మీద, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో, అమ్మ, నాయనమ్మ చేపల మీద ఏ పని చేస్తున్నారో రాసుకు రమ్మన్నాను. కొందరు తండ్రులు పాత టోకెన్ కాగితాలు ట్రంకు పెట్టెల్లోంచి తీసి ఇచ్చారు. ఆ జాబితాను పంచాయతీ తీర్మానంతో జత చేసి, మన మత్స్యశాఖ ద్వారా గుజరాత్ మత్స్యశాఖకు, చెన్నైలోని పవన శక్తి సంస్థకు పంపాలని కులపెద్దలు ఒప్పుకున్నారు. జాఫరాబాద్ సంఘాలవారికి కూడా ఒక ప్రతి పంపుతాం. హిందీలో ఉత్తరం రాయడానికి సాయం చేయగలవారు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి. ఆగస్టులో మావాళ్లు రైలెక్కేలోగా సంతకాలు పూర్తి కావాలి.